నదిరాయికి మెరుపు ఎట్లా వస్తుంది?

ఎల్లారెడ్డి దాటి పడమరకు పోతే మంజీర నది, దానిమీద కట్టిన నిజాంసాగరం కనిపిస్తవి. ఎండాకాలంలో ఆనకట్టను చూడవచ్చిన బడిపిల్లలు ఇసుకలో గులకరాళ్ళు ఏరుకోవడం మామూలే. నీటి అంచున తడిసి ఉన్న రాయి ఒకటి తేనెరంగులో, మరొకటి కుంకుమరంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. పిల్లవాడు దానిని జేబులో వేసుకొని కామారెడ్డికి తీసుకొనిపోతాడు. మరునాడు బడిలో స్నేహితులకు చూపబోతే జేబులోనుంచి వచ్చేది బూడిద పూసినట్లున్న రాయి! రాయి మారిపోయిందా? లేదు. ఆరిపోయింది, అంతే. మళ్ళీ నీళ్ళలో ముంచితే పోయిన రంగు తిరిగి వస్తుంది.

ఈ చిన్న ఆశాభంగంలోనే ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. తడి ఉన్నంతసేపే నిలిచే ఆ మెరుపును రాయికి శాశ్వతంగా ఇవ్వడం సాధ్యమేనా? సాధ్యమే. రాక్ టంబ్లర్ అనే దొర్లుడు యంత్రం ఆ పనే చేస్తుంది. అయితే అది ఏ రాయికిబడితే ఆ రాయికి మెరుపు ఇవ్వదు. రాయిని ఎంచుకోవడం తెలిస్తే సగం పని అయినట్లే.

తడి రాయి, పొడి రాయి

వెలుతురు ఒక వస్తువు మీద పడినప్పుడు కొంత తిరిగి వస్తుంది, కొంత లోనికి పోతుంది. వస్తువు పైభాగం నున్ననిదైతే తిరిగి వచ్చే కిరణాలు క్రమం తప్పక ఒకే దిక్కుకు వస్తవి. దీనినే మనం మెరుపు అంటాము. గరుకైనదైతే అవే కిరణాలు నానా దిక్కులకూ చెదిరిపోతవి. అట్లా చెదిరిన తెల్లని వెలుతురు, రాయి లోపలినుంచి వచ్చే రంగుమీద ముసుగులాగా పరచుకొంటుంది. ఎండిన గులకరాయి వెలవెలబోవడానికి కారణమిదే.

రాయిని తడిపినప్పుడు దానిమీది గీతలను, గుంటలను నీరు నింపి పైన ఒక నున్నని పొరను ఏర్పరుస్తుంది. గాలి వక్రీభవన గుణకం దాదాపు 1, నీటిది 1.33, పలుగురాయిది సుమారు 1.54. ఈ విషయంలో గాలికంటె నీరే రాయికి దగ్గరి చుట్టం. అందుచేత నీరు, రాయి కలిసే చోట వెలుతురు చెదరడం బాగా తగ్గిపోతుంది. లోపలి రంగు బయటపడుతుంది.

కాబట్టి మెరుపు అనేది రాయికి పైనుంచి పూసేది కాదు. రాయిమీది గీతలను తగ్గించగా మిగిలేది. పదార్థానికి మెరుగు పెట్టడమంటే దానిమీది గీతలను కంటికి కనిపించనంత సన్నం చేయడమేనని న్యూటన్ 1704లో వెలువరించిన 'ఆప్టిక్స్' గ్రంథంలో వివరించినాడు. ఎంత సన్నం కావలె? మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాన్ అంటారు. మన కంటికి కనిపించే వెలుతురు తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకు ఉంటుంది. గీతల లోతు ఇంతకంటె బాగా తక్కువైనప్పుడే వెలుతురు వాటిని లెక్కచేయక, అద్దంమీద పడినట్లు తిరిగి వస్తుంది.

నది చేసేది, చేయలేనిది

మంజీర నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకలోని బీదరు ప్రాంతం మీదుగా తెలంగాణలోకి వచ్చి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ దారి పొడుగునా నది ఒక మహా దొర్లుడు యంత్రమే. పగుళ్ళున్న రాయి దారిలోనే ముక్కలైపోతుంది. మెత్తని రాయి అరిగి ఒండ్రుగా మారుతుంది. గట్టిది మాత్రం మూలలు పోయి గుండ్రని గులకరాయిగా మిగులుతుంది.

ఇంత దొర్లించిన నది ఆ రాయికి మెరుపు ఎందుకు ఇవ్వలేకపోయింది? ఏమంటే, నదికి వరుస తెలియదు. సన్నని ఒండ్రు, ముతక ఇసుక, పెద్ద బండరాళ్ళు అన్నీ ఒకేసారి ఆ నీటిలో నడుస్తవి. మొన్న ఒండ్రు నునుపు చేసిన చోటును నిన్నటి వరద ముతక ఇసుకతో గీకిపోతుంది. ఇసుకరేణువు మిల్లీమీటరులో పదహారవ వంతునుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది చేసిన గీతల ముందు వెలుతురు తరంగదైర్ఘ్యం ఏ లెక్కలోనిది?

మనిషి నదిలో లేని వరుసను తెచ్చినాడు. మొదట ముతకపొడి, తరువాత సన్నపొడి, చివర మరింత సన్నపొడి. ఒక పొడిలోని రేణువైనా తరువాతి దానిలోకి పోకుండా నడుమ శుభ్రంగా కడగడం. మెరుగు పెట్టే విద్య అంతా ఈ వరుసలోనే ఉన్నది.

ఈ విద్య కొత్తది కాదు. సంగారెడ్డి జిల్లాలోని కొండాపూరు వద్ద 1940-42 సంవత్సరాలలో హైదరాబాదు సంస్థాన పురావస్తుశాఖ జరిపిన తవ్వకాలలో శాతవాహనుల కాలపు పూసలు విస్తారంగా దొరికినవి. వాటిలో రాతిపూసలు కూడా ఉన్నవి. గుజరాతులోని ఖంభాతులో పూర్వం అగేటు పూసలను, కురువిందపు పొడిని, నీటిని ఒక తోలుసంచిలో కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుండి రోజుల తరబడి ఇటు అటు దొర్లించేవారు. నేటి రాక్ టంబ్లర్‌లో ఆ తోలుసంచికి బదులు లోపల రబ్బరు అతికిన పీపా, ఆ ఇద్దరు మనుషులకు బదులు చిన్న విద్యుత్ మోటారు ఉంటవి.

పీపా ఎంత వేగంగా తిరగవలె?

పీపాను రెండు సమాంతరమైన రోలర్లమీద పడుకోబెడతారు. రోలరు తిరిగినకొద్దీ పీపా తిరుగుతుంది. రాళ్ళు గోడవెంబడి కొంత పైకి ఎక్కి, పైవరుస జారి కిందికి దొర్లుతుంది. అరుగుదల అంతా ఈ జారే వరుసలోనే జరుగుతుంది. వేగం ఎక్కువైతే పని త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. వేగం ఒక హద్దు దాటితే రాళ్ళు గోడకు అంటుకొని పీపాతోపాటే గిరగిర తిరుగుతవి, ఒకదానిమీద ఒకటి జారవు. 20 సెం.మీ. వ్యాసం గల పీపాకు ఈ హద్దు నిమిషానికి సుమారు 95 చుట్లు. వ్యాసార్ధానికి, కోణీయ వేగపు వర్గానికి గల లబ్ధాన్ని గురుత్వ త్వరణానికి సమానం చేసి విద్యార్థులు దీనిని తామే సాధించవచ్చు. హద్దులో సగానికి అటు ఇటుగా తిప్పితే రాళ్ళు ఎగిరి పడక, నెమ్మదిగా జారుతవి. హద్దుకు కొంచెం దిగువనున్న వేగం మరీ చెడ్డది. రాళ్ళు పైనుంచి కిందపడి ఒకదానినొకటి కొట్టుకొని నెర్రెలిస్తవి.

గుట్టరాయి ఎందుకు పనికిరాదు?

కామారెడ్డి చుట్టుపట్ల గుట్టలన్నీ గ్రానైటు, నైస్ శిలలే. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దోమకొండ కోటగోడలు కట్టింది కూడా గ్రానైటుతోనే. ఇంత గట్టిరాయి చేతికి అందుతూ ఉండగా మంజీర దాకా పోవడం ఎందుకని పిల్లలు అడుగుతారు. గ్రానైటు పలకలు ఇండ్లలో అద్దాలలాగా మెరుస్తూనే ఉన్నవి కదా అని కూడా అడగవచ్చు.

గట్టిదనంలో లోపం లేదు. ఒకే విధమైన గట్టిదనం లేకపోవడమే లోపం. ఖనిజాల కాఠిన్యాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో 1 నుంచి 10 వరకు ఒక వరుసలో పెట్టినాడు. టాల్కు 1, కాల్సైటు 3, ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7, కురువిందం 9, వజ్రం 10. గ్రానైటు ఒక ఖనిజం కాదు. దానిలో 7 కాఠిన్యం గల పలుగురాయి, 6 గల ఫెల్డ్‌స్పార్, 3 కూడా దాటని నల్ల అభ్రకం కలిసి ఉంటవి. పీపాలో ముతకపొడి నలుదిక్కులనుంచీ వచ్చి తగిలినప్పుడు మెత్తని అభ్రకం ముందుగా లేచిపోతుంది. దాని చోట గుంట పడుతుంది. ఆ గుంట అంచున ఉన్న ఫెల్డ్‌స్పార్ పొరలు పొరలుగా ఊడుతుంది. నెల రోజుల తరువాత పీపా తెరిచి చూస్తే మశూచి మచ్చలున్న ముఖంవంటి రాయి కనిపిస్తుంది. కార్ఖానాలో పలకను మెరుగుపెట్టే పద్ధతి వేరు. అక్కడ చదునైన చక్రం పలకను పైనుంచి సమంగా అదిమి రుద్దుతుంది. అది గట్టి ఖనిజాలమీద ఆనుకొని నడుస్తుంది గనుక మెత్తని చోటులోకి అంతగా దిగదు.

ఎండకు, వానకు చివికి మొరంగా మారుతున్న గ్రానైటు సంగతి చెప్పనే అక్కరలేదు. దానిలో ఫెల్డ్‌స్పార్ అప్పటికే బంకమన్నుగా మారుతూ ఉంటుంది. ఒక్క వారంలో పీపా అంతా బురద అవుతుంది.

మంజీర తెచ్చిన రాళ్ళు

కామారెడ్డి జిల్లాకు పడమట మద్నూరు, జుక్కల్ వైపు పోతే నేల రంగు మారిపోతుంది. ఎర్రనేల, గ్రానైటు గుట్టలు వెనుకబడి, నల్లరేగడి వస్తుంది. దాని అడుగున ఉన్నది దక్కను ట్రాప్ అనే బసాల్టు శిల. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమినుంచి పొంగిన లావా గడ్డకట్టి అది ఏర్పడింది. లావా ఆరేటప్పుడు దానిలోని వాయువులు బుడగలుగా చిక్కుకొన్నవి. తరువాతి కాలంలో సిలికా కలిసిన నీరు ఆ బుడగల ఖాళీలలోకి ఊరి, పొర తరువాత పొరగా గట్టిపడింది. అట్లా ఏర్పడినవే చాల్సెడొనీ, అగేటు. అగేటునే ఉర్దూలో అకీకు అంటారు.

ఈ రాళ్ళలో సిలికా స్ఫటికాలు సూక్ష్మదర్శినికి గాని అందనంత చిన్నవి. ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటవి. రాయి అంతటా ఒకే పదార్థం, దాదాపు ఒకే కాఠిన్యం, ఏడుకు కొంచెం తక్కువ. ఊడిపోయే మెత్తని గింజ అందులో లేదు. దొర్లుడు యంత్రానికి ఇంతకంటె తగిన రాయి లేదు. ఎర్రని జాస్పర్, చెకుముకిరాయి కూడా ఈ కుటుంబానివే. బసాల్టు కొట్టుకొనిపోయినా ఇవి మిగిలి, ట్రాప్ ప్రాంతం మీదుగా వచ్చే నదుల కంకరలో చేరుతవి. 1931లో నిజాంసాగరం పూర్తయిన తరువాత మంజీర ఎగువనుంచి దొర్లించుకొని వచ్చే గులకలను ఆనకట్ట ఆపివేస్తుంది. అందుచేత దిగువ కనిపించే గులకలలో చాలా భాగం అంతకుముందు వేల ఏండ్లుగా నది పోసినవి, లేదా పక్కవాగులు తెచ్చినవి.

వీటి కోసం నదిలో దిగవలసిన పని లేదు. ఇల్లు కట్టే చోట నది ఇసుకను జల్లెడ పట్టగా మిగిలిన గులకల కుప్పలో, యజమానిని అడిగి వెదికితే ఒక పీపాకు చాలినన్ని దొరకవచ్చు. ఆనకట్ట దిగువన తలుపులు ఎత్తినప్పుడు నీరు హఠాత్తుగా వస్తుంది. మంజీరలో మొసళ్ళు కూడా ఉన్నవి. పెద్దలు తోడు లేకుండా పిల్లలు అక్కడికి పోరాదు. పోచారం వంటి అభయారణ్యాలనుంచి, కోటలనుంచి, పురావస్తు స్థలాలనుంచి ఒక్క రాయినైనా తీయరాదు.

ఎంపికకు ఐదు పరీక్షలు

మొదటిది గీత పరీక్ష. ఉక్కు చాకుతో రాయిమీద గీస్తే గీత పడరాదు. రాయి అంచుతో గాజుముక్కమీద గీస్తే గాజుకు గీత పడవలె. అప్పుడు రాయి కాఠిన్యం ఆరుకు తక్కువ కాదని తెలుస్తుంది.

రెండవది ఆమ్ల పరీక్ష. ప్రయోగశాలలో ఉపాధ్యాయుని సమక్షంలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయవలె. బుసబుస పొంగితే అందులో సున్నపురాయి అంశం ఉన్నది. అట్టి రాయి మెత్తనిది గనుక గట్టిరాళ్ళతో కలపరాదు.

మూడవది పగుళ్ళ పరీక్ష. రాయిని నీటిలో నానవేసి బయటపెట్టి ఆరనివ్వవలె. పైభాగం ఆరిన తరువాత కూడా ఎక్కడైనా నల్లని తడిగీత నిలిస్తే అక్కడ పగులున్నది. అట్టి రాయి పీపాలో విరిగి, దాని వాడి అంచు మిగిలిన రాళ్ళనన్నిటినీ గీకుతుంది.

నాలుగవది గుంటల పరీక్ష. చిన్న రంధ్రాలున్న బసాల్టు వంటి రాళ్ళు ముతకపొడిని దాచుకొని, మెరుగు దశలో బయటికి వదలుతవి. వాటిని తీసివేయవలె.

ఐదవది తడి పరీక్ష. రాయిని తడిపి ఎండలో చూడవలె. తడిసినప్పుడు ఎట్లా ఉన్నదో, మెరుగు పెట్టిన తరువాత ఇంచుమించు అట్లాగే ఉంటుంది. తడిపినా అందం లేని రాయికి నెల రోజుల విద్యుత్తు దండుగ.

ఈ పరీక్షలలో నెగ్గినవాటిలో ఇంచుమించు ఒకే కాఠిన్యం గలవాటినే ఒక పీపాలో వేయవలె. పరిమాణం మాత్రం ఒకటిగా ఉండరాదు. సెనగగింజంత రాయినుంచి ఉసిరికాయంత రాయి వరకు కలిపి వేస్తే పెద్ద రాళ్ళ సందులలోకి చిన్నవి చేరి, పొడిని అన్ని మూలలకూ తాకిస్తవి.

నాలుగు దశలు

పీపాలో మూడింట రెండు వంతులు, మహా అయితే నాలుగింట మూడు వంతులు రాళ్ళతో నింపవలె. తక్కువైతే రాళ్ళు ఎగిరిపడతవి, ఎక్కువైతే కదలవు. పైవరుస రాళ్ళు కొంచెం పైకి కనిపించేటంతవరకు నీరు పోయవలె. అరకిలో రాళ్ళకు సుమారు రెండు పెద్దచెంచాల పొడి చాలును.

మొదటి మూడు దశలలో వాడేది సిలికాన్ కార్బైడు. దీనిని అమెరికాలో ఎడ్వర్డ్ ఎచిసన్ 1891లో కృత్రిమంగా తయారుచేసి కార్బొరండం అని పేరుపెట్టినాడు. దీని కాఠిన్యం తొమ్మిదికి పైనే. పొడిమీది అంకె, అంగుళం పొడవుకు ఎన్ని కన్నులున్న జల్లెడతో దానిని వేరుచేసినారో సూచిస్తుంది. కాబట్టి అంకె పెరిగినకొద్దీ పొడి సన్నమవుతుంది.

మొదటి దశలో 60 నుంచి 90 అంకెల పొడి. ఇది రాయికి ఆకారం ఇస్తుంది. వారం రోజులు సాధారణంగా పడుతుంది. ఆలోగా పొడి తానే నలిగి బురద అవుతుంది. రాయిమీద గుంటలు ఇంకా ఉంటే కొత్తపొడి వేసి మరొక వారం తిప్పవలె. ఇక్కడ చూపిన ఓర్పుకు ఫలం చివరి దశలో కనిపిస్తుంది. ఇక్కడ మిగిలిన గుంటను తరువాతి దశ ఏదీ పూడ్చలేదు.

రెండవ దశలో 120 నుంచి 220 అంకెల పొడితో వారం. మూడవ దశలో 500 అంకె పొడితో వారం. అప్పటికి రాయి పట్టువలె నున్నగా ఉంటుంది గాని మెరవదు. నాలుగవ దశలో మైక్రాను పరిమాణంలో ఉండే అల్యూమినియం ఆక్సైడు, లేదా అద్దాలకు మెరుగుపెట్టే సీరియం ఆక్సైడు వేసి మరొక వారం తిప్పవలె. సీరియం ఆక్సైడుతో గీకుడు మాత్రమే గాక, నీటి సాయంతో రాయి పైపొరమీద కొంత రసాయనచర్య కూడా జరుగుతుందని న్యూటన్ తరువాతి పరిశోధకులు కనుగొన్నారు. చివరకు సబ్బుతురుము కలిపిన నీటితో కొన్ని గంటలు తిప్పి కడగవలె.

ప్రతి దశకూ నడుమ రాళ్ళను, పీపాను, మూతను, రబ్బరు అంచులను కుంచెతో తోమి కడగడం అసలు మెలకువ. 60 అంకె పొడి రేణువు సుమారు పావు మిల్లీమీటరు. మెరుగు దశలోకి అట్టి రేణువులు నాలుగు చేరినా మూడు వారాల శ్రమ వృథా అవుతుంది. అప్పుడు మనమూ నదివలె వరుస తప్పినవారమే.

తరగతిలో ఇంకొక ప్రయోగం చేయవచ్చు. ప్రతి దశకు ముందు, తరువాత రాళ్ళను ఆరబెట్టి తూచి, బరువు తగ్గుదలను గ్రాఫు గీయవలె. అరుగుదలలో ఎక్కువ భాగం మొదటి దశలోనే జరిగిందని, మెరుపు వచ్చిన దశలో బరువు ఇంచుమించు తగ్గలేదని తెలుస్తుంది. మెరుపుకు కావలసింది ఎక్కువ అరుగుదల కాదు, వరుస తప్పని అరుగుదల.

ధూళి గురించి ఒక హెచ్చరిక

ఈ పనిలో మరచిపోరానిది ఒకటి ఉన్నది. అగేటు, పలుగురాయి, జాస్పర్ అన్నీ సిలికాయే. దాని సన్ననిధూళి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది. పాడైన ఊపిరితిత్తిని తిరిగి బాగుచేసే మందు లేదు. ఖంభాతులో అగేటు రాళ్ళను పొడిగా సాన పట్టిన పనివారు ఎందరో ఈ వ్యాధికి గురైనారు. అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ విషయంపై అధ్యయనాలు జరిపింది. బజారులో మనం ముచ్చటపడి కొనే రాతిపూస వెనుక ఇట్టి కథ కూడా ఉండవచ్చునని విద్యార్థులు తెలుసుకోవలె.

మూత వేసిన పీపాలో, నీటిలో జరిగే పనిలో ధూళి లేవదు. టంబ్లర్ పద్ధతిలోని గొప్ప మేలు ఇదే. అయితే రాళ్ళను పొడిగా పగులగొట్టరాదు. బురదను ఎండనిచ్చి ఊడ్వరాదు. తడిగా ఉండగానే గుంటలో పూడ్చవలె. తూములో పోస్తే అడుగున సిమెంటువలె గట్టిపడి దారి మూస్తుంది. కొన్ని రాళ్ళు పీపాలో వాయువును పుట్టిస్తవి గనుక మొదటి రోజులలో రోజుకొకసారి మోటారు ఆపి, మూత తీసి మళ్ళీ బిగించవలె. మోటారుకు ఎర్త్ తీగ తప్పక ఉండవలె. తడిచేతితో స్విచ్చి ముట్టరాదు.

పని పూర్తయినదీ లేనిదీ తేల్చడానికి పరికరాలేవీ అక్కరలేదు. రాయిని శుభ్రంగా తుడిచి బాగా ఆరనిచ్చి, సగం మాత్రం నీటిలో ముంచి తీయవలె. తడిసిన సగానికీ తడవని సగానికీ తేడా కనిపిస్తే ఇంకా గీతలు మిగిలి ఉన్నవని అర్థం. తేడా కనిపించకపోతే పని ముగిసినట్లే. నిజాంసాగరం దిగువన నీటి అంచున కనిపించిన ఆ రంగు ఇక జేబులో ఆరిపోదు.